బిస్కెట్ డబ్బాలో బ్యాంకు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని విషయం ఈ ప్రపంచంలో ఒక్కటే ఉండేది: నాకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయని. డిగ్రీ చేతికొచ్చి ఏడాది అయింది, ఉద్యోగం లేదు, గడ్డం ఉంది. వారం వారం మా ఊరు తల్లాడలో బస్సెక్కి ఖమ్మం వెళ్ళి, చర్చా వేదికల్లో ముందు వరసలో కూర్చుని, దేన్నయినా ఎట్లా ప్రశ్నించాలో, ఎదుటివాడు నోరెత్తకుండా ఎట్లా చేయాలో నేర్చుకుంటున్న రోజులవి. (మొదటిది పెద్దలు నేర్పారు. రెండోది నేను సొంతంగా కలుపుకున్నాను.) మా హేతువాదుల బృందం ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేది. నాలుక మీద కర్పూరం వెలిగించడం, ఖాళీ అరచేతిలోంచి విబూది రాల్చడం, ఆ వెంటనే దాని వెనకున్న కిటుకు విప్పి చెప్పడం. చివర్లో నేను లేచి, కళ్ళతో చూడనిదాన్ని, చేత్తో తడమనిదాన్ని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దని గొంతు చించుకునేవాణ్ణి. నమ్మకం అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. కూరలో ఉప్పు సరిపోయిందని మా అమ్మ చెప్పినా రుజువు అడిగి గరిటె అందుకునేవాణ్ణి. గరిటెతోనే ఆమె రుజువు చూపించిన రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి నాకు ఒక స్వచ్ఛంద సంస్థలో దొరికిన మొదటి ఉద్యోగం, బ్యాంకుల మీద జనానికి నమ్మకం కలిగించడం. దమ్మపేట అవతల అడవి అంచు పల్లెల్లో ఆడవాళ్ళ పొదుపు సంఘాలకు డబ్బు గురించి, బ్యాంకు గురించి పాఠాలు చెప్పాలి. నెలకు పదిహేను వందలు, ఆటో కిరాయి అదనం. మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో నా మనసుకు పట్టింది ఒక్కటే ముక్క: మనం దాచుకున్న డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో పెట్టి కాపలా కాయదు, అందులో చాలా భాగం ఇంకొకరికి అప్పుగా ఇస్తుంది. అప్పు తీసుకున్నవాళ్ళ దగ్గర ఎక్కువ వడ్డీ తీసుకుని, దాచుకున్నవాళ్ళకు తక్కువ వడ్డీ ఇచ్చి, ఆ తేడాతో బతుకుతుంది. తక్కినవాళ్ళంతా దీన్ని నోట్సులో రాసుకున్నారు. నాకు మాత్రం ఎవరో బాబా గుట్టు చేతికి చిక్కినంత ఆనందం కలిగింది.

నేను మొదట వెళ్ళింది ఒక గుంపుకు. కోయవాళ్ళ చిన్న పల్లెను అక్కడ గుంపు అంటారు. అక్కడి సంఘంలో పదిహేను మంది ఆడవాళ్ళు. వాళ్ళ పెద్దను అందరూ లీడరక్క అనేవాళ్ళు. నలభై ఏళ్ళుంటాయి. మాట్లాడేటప్పుడు మన ముఖం వంక కాక మన చేతుల వంక చూసేది. అడవిలో అడ్డాకులు తెచ్చి చేత్తో విస్తర్లు కుట్టి అమ్మడం వాళ్ళ పని. విస్తర్లు నొక్కే మిషన్ ఒకటి కొనుక్కోవాలని రెండేళ్ళుగా వాళ్ళ ఆశ. ఆ మిషన్‌కు అప్పివ్వడానికి బ్యాంకు మేనేజరు ఒప్పుకున్నాడు. బుధవారం సంతరోజు వచ్చి సంతకాలు పెట్టమన్నాడు. ఒకటే షరతు: అప్పటిదాకా సంఘం పొదుపు డబ్బు ఖాతాలో కదలకుండా ఉండాలి. నేను పాఠం చెప్పింది మంగళవారం మధ్యాహ్నం.

ఉపన్యాసంతో సరిపెట్టుకుని ఉంటే ఏ గొడవా ఉండకపోను. కానీ నాకు ప్రదర్శన లేకుండా నోరు పెగలదు. సంచిలోంచి ఖాళీ బిస్కెట్ డబ్బా తీసి, ఇదే బ్యాంకు అన్నాను. పది మంది దగ్గర తలా పది రూపాయలు తీసుకుని డబ్బాలో వేసి, చీటీ మీద రాసిచ్చి, ఇదే మీ పాసుబుక్కు అన్నాను. తర్వాత, ఎవరికైనా అప్పు కావాలా అని అడిగాను. చండ్రుగొండ వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన లీడరక్క మరదలు, మేకపిల్లను కొనుక్కుంటానంటూ చెయ్యెత్తింది. తొంభై రూపాయలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి, ఏడాదిలో వడ్డీతో కట్టాలని గంభీరంగా చెప్పాను. ఆమె అంతకంటే గంభీరంగా తలూపి, నోట్లు కొంగున ముడివేసుకుంది. అప్పుడు డబ్బాను అందరి ముందూ తలకిందులు చేసి, విబూది రాల్చేటప్పుడు చేసే చేతి విసురుతో ఊపాను. ఒక్కటంటే ఒక్క పది నోటు కింద పడింది. "చూశారా, మీరు వేసిన వంద ఇందులో లేదు. ఉన్నది పదే. బ్యాంకు గుట్టు ఇదే" అన్నాను. అలవాటు కొద్దీ, కళ్ళతో చూడనిది నమ్మొద్దని ముగింపు కూడా చెప్పేశాను.

నిజానికి అది ముగింపు కాదు, సగం పాఠం. ఆ డబ్బు ఎట్లా తిరిగొస్తుందో, అడిగినవాళ్ళకు బ్యాంకు ఎట్లా ఇవ్వగలుగుతుందో తర్వాతి సగంలో చెప్పాలి. కానీ నేను నోరు తెరిచేలోగా రోడ్డు మీద ఆటో హారన్ వినిపించింది. దమ్మపేటకు ఆ రోజుకు అదే ఆఖరి ఆటో. తక్కినది రేపు చెబుతానంటూ, డబ్బా, పది నోటు సంచిలో పడేసుకుని పరుగెత్తాను. వెనక వాళ్ళు కోయ భాషలో ఏదో గట్టిగా మాట్లాడుకోవడం వినిపించింది. నా పాఠం వాళ్ళను ఆలోచింపజేసిందని పొంగిపోయాను. (ఆలోచింపజేసిన మాట నిజమే.)

మర్నాడు పదకొండింటికి, మిషన్ సంతకాల వేళ అక్కడ ఉంటే నాక్కూడా కొంత పేరొస్తుందని, రోడ్డు మీది పెద్ద ఊళ్ళో ఉన్న బ్యాంకుకు వెళ్ళాను. గడప బయట ఇసకవేస్తే రాలనంత మంది. జరిగింది ఇది. లీడరక్క మరదలు పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళిపోయింది, కొంగున తొంభై రూపాయలతో సహా. మిగిలిన పది రూపాయలు నా సంచిలో ఉన్నాయి. అంటే చీటీలు పట్టుకున్న పది మంది, తమ డబ్బు డబ్బాలో లేదని మొదటి రోజు విన్నారు, రెండో రోజు కళ్ళారా చూశారు. ఇంతకన్నా గట్టి రుజువుతో నేను జీవితంలో ఏ పాఠమూ చెప్పలేదు. గుంపుకు గుంపు పాసుబుక్కులు పట్టుకుని సంతకొచ్చింది. దారిలో కలిసిన పక్క పల్లెల వాళ్ళకు కూడా ఈ సంగతి తెలిసింది.

అప్పటికే పాతిక మంది దాకా తమ సొంత ఖాతాల్లోంచి డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళారో నాకు దారిలోనే తెలిసింది. సంతలో రేకు పెట్టెలు అమ్మే పెట్టెల భాయి నన్ను కేకేసి పిలిచి మరీ చాయ్ తాగించాడు. పొద్దుట్నుంచి తాళం పెట్టెలన్నీ అమ్ముడుపోయాయట, దీనికంతటికీ కారణం గడ్డం సారని ఆడవాళ్ళు చెప్పారట. "తమ్మీ, రేపు ఏ ఊళ్ళ చెప్తున్నవో జర ముందుగాల చెప్పు. సరుకు తెచ్చి పెట్టుకుంట" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

లోపల మేనేజరు ఎదుట లీడరక్క నిలబడి ఉంది. సంఘం డబ్బంతా తీసేస్తామని తీర్మానం రాసుకుని తెచ్చింది. మేనేజరు కోస్తా వైపు మనిషి, మెత్తనివాడు. పొదుపు తీసేస్తే మిషన్ ఫైలు మూసెయ్యడం తప్ప తనకు దారి లేదని, మళ్ళీ మొదట్నుంచి రావాలంటే రెండేళ్ళు పడుతుందని చెబుతున్నాడు. ఆమెకు అది తెలియక కాదు. మిషన్ మాట వచ్చినప్పుడల్లా ఆమె గొంతు కొంచెం కిందికి దిగుతోంది. అయినా పదిహేను మంది చెమట ఆమె చేతిలో ఉంది. "ఒక్కసారి మా పైసలు చూపియ్యి సారూ. చూసి పోతం. తీస్కోం" అంది.

మేనేజరు పాపం క్యాషియరుతో నోట్ల కట్టలు తెప్పించి బల్ల మీద పెట్టించాడు. ఆమె వంగి చూసింది. ఆమె పక్కనున్న ఒక అవ్వ ఇంకా వంగి చూసి, "ఇవి మావి కావు. మా నోట్లు నాలుగు మడతలుంటయి. ఇవి ఇస్త్రీ చేసినట్టున్నయి" అంది. పదిహేను మందీ తలలూపారు.

అప్పుడు మేనేజరు చూపు నా మీద పడింది. "ఏవయ్యా, నువ్వేగా చెప్పింది. ఇప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు. చర్చా వేదికల్లో నేర్చిందంతా కూడగట్టుకుని మొదలుపెట్టాను. అందరూ ఒకేసారి వచ్చి డబ్బు అడగరనీ, రోజూ అడిగేవాళ్ళకు సరిపడా నగదు బ్యాంకు దగ్గర ఉంటుందనీ, తక్కినది అప్పుల రూపంలో ఊళ్ళల్లో భద్రంగా ఉంటుందనీ చెప్పాను. (చెబుతూ బయటికి చూస్తే అందరూ ఒకేసారే వచ్చి ఉన్నారు.) చివరికి, ఇరవై రెండేళ్ళలో నా నోట ఎన్నడూ రాని వాక్యం వచ్చింది: "బ్యాంకును నమ్మాలి."

అవ్వ నన్ను నిదానంగా చూసి, "నిన్న ఏదీ నమ్మొద్దన్నవ్ గద, బిడ్డా" అంది.

నేను ఎన్నో సభల్లో ఎందరినో నోరు మూయించినవాణ్ణి. నోరు మూయించడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

లీడరక్క కాగితం బల్ల మీద పెట్టి వేలిముద్రల వాళ్ళను ముందుకు పిలిచింది. సరిగ్గా అప్పుడే పెట్టెల భాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఇంత బేరం సొమ్ము చేతిలో పెట్టుకుని సంతలో తిరగడం మంచిది కాదు, జల్దీ జమ చేసుకోండి అంటూ కౌంటరు మీద ఒక సంచి బోర్లించాడు. నోట్లు కుప్పగా పడ్డాయి. ఒక్కొక్కటీ నాలుగు మడతలు.

అవ్వ ఒక నోటు తీసి వాసన చూసి, "ఇది మాదే" అంది. ఎవరో నవ్వారు. లీడరక్క నవ్వలేదు. ఆ కుప్ప మీదికి వంగి చూసింది. ఈ నోట్లు పొద్దున ఇదే కిటికీలోంచి బయటికి వెళ్ళాయి, సంతకు వెళ్ళాయి, పెట్టెలై వాళ్ళ తలల మీదికెక్కాయి, మధ్యాహ్నం కాకముందే ఇదే కిటికీలోకి తిరిగొచ్చాయి. శిక్షణలో మూడు రోజులు బొమ్మలు గీసి చూపించినా నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

"సారూ, మా మిషన్‌కు మీరిచ్చే పైసలు ఎవరియి?" అని లీడరక్క అడిగింది.

ఫలానా వాళ్ళవని చెప్పలేమని, ఈ భాయి వేసినవి కావచ్చు, పామాయిల్ తోటల రైతులు వేసినవి కావచ్చని మేనేజరు చెప్పాడు. "అంటే భాయి వచ్చి అడిగిన నాడు ఆయన డబ్బా గూడ ఖాళీగనే ఉంటది" అంది. మేనేజరు ఇబ్బందిగా ఒప్పుకున్నాడు. భాయి ముఖంలో రంగు మారింది. కానీ ఆమె తనవాళ్ళ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. కొంత కోయలో, కొంత తెలుగులో. నాకు అందినంత వరకు ఆమె చెప్పింది ఇది: మన సంఘం పెట్టెలో మాత్రం పైసలు ఏనాడైనా నిలవున్నాయా? ఒకామె బర్రెలో ఉన్నాయి, ఒకామె కుట్టుమిషన్‌లో ఉన్నాయి, ఒకామె కొడుకు ఫీజులో ఉన్నాయి. పెట్టె ఎప్పుడూ ఖాళీయే. మనం ఏనాడైనా భయపడ్డామా? ఎందుకు పడలేదు? ఎవరు తీసుకున్నారో మనకు తెలుసు, వాళ్ళ ఇల్లు తెలుసు, ప్రతి వారం పుస్తకం తీసి చూస్తాం కాబట్టి. బ్యాంకు పుస్తకం కూడా అట్లాగే అడిగి చూస్తూ ఉందామంటూ, తీర్మానం కాగితం మడిచి కొంగున దోపుకుంది.

ఈ పని పద్నాలుగేళ్ళుగా చేస్తున్నవాళ్ళకు నేను డబ్బాతో పాఠం చెప్పాను.

సిగ్గుతో జేబులోంచి వంద రూపాయలు తీసి, నిన్నటి డబ్బు నేనిచ్చేస్తానన్నాను. లీడరక్క వద్దంది. "నీ సంచిల ఉన్న పది ఇయ్యి. తక్కిన తొంభై నువ్వెందుకు ఇస్తవ్? అప్పు తీస్కున్నది మా మరదలు. యాడికి పోతది? ఐతారం వస్తది, కడ్తది." (ఆదివారం ఆమె నిజంగానే వచ్చి, తొంభైకి రెండు రూపాయలు వడ్డీ కలిపి కట్టింది. నా బిస్కెట్ డబ్బా బ్యాంకులో వసూలైన ఏకైక వడ్డీ అది.) ఆ మధ్యాహ్నమే మిషన్ కాగితాల మీద సంతకాలయ్యాయి. డబ్బు తీసుకున్నవాళ్ళలో కొందరు అప్పుడే తిరిగి వేశారు, కొందరు వారం రోజులు ఆలోచించి వేశారు. అవ్వ మాత్రం పెట్టెలోనే ఉంచుకుంది. పెట్టె బాగుందట.

అంతా సర్దుకుని బయటికి జారుకోబోతుంటే లీడరక్క పిలిచింది. "సారూ, నీ పైసలు ఏ బ్యాంకుల ఉన్నయి?"

ఏ బ్యాంకులోనూ లేవు. నాకు ఖాతా లేదు. జీతం చేతికిచ్చేవాళ్ళు, దమ్మపేటలోని కిరాయి గదిలో లుంగీ మడతల్లో దాచుకునేవాణ్ణి. అబద్ధం చెప్పడం సిద్ధాంతానికి విరుద్ధం కనక చెప్పేశాను. లీడరక్క ఆ మాటను కోయలోకి మార్చి ఇంకేదో కలిపింది. పదిహేను మందీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏం కలిపిందో ఎంత అడిగినా ఎవరూ చెప్పలేదు.

మేనేజరు కూడా నవ్వుతూ ఒక ఫారం తీశాడు. ఆ కాలంలో కొత్త ఖాతా తెరవాలంటే, ఇతను ఫలానా అని అదే బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. ఆ ఊళ్ళో నన్నెరిగిన మనిషి లేడు. లీడరక్క పెన్ను అందుకుంది. ఇతను ఎంత కాలంగా తెలుసని మేనేజరు ఫారం చూసి అడిగాడు. "నిన్నటి సంది" అంది. కనీసం ఆర్నెల్లైనా ఉండాలమ్మా, అన్నాడాయన. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా, గడ్డం దగ్గర కొంచెం ఆగి, చూసింది.

"ఆర్నెల్లనే రాసుకో సారూ. ఆర్నెల్లల్ల చేసే లొల్లి ఒక్కరోజుల చేసిండు."

ఆధారం లేని ఏ మాట విన్నా లేచి నిలబడే నేను ఆ రోజు లేవలేదు. ఆమె ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టేదాకా చూసి, యాభై రూపాయలు కట్టి, పాసుబుక్కు తీసుకుని బస్సెక్కాను. తల్లాడ చేరేలోగా దాన్ని ఎన్నిసార్లు తెరిచానో. అందులో నోటు లేదు, యాభై అన్న అంకె మాత్రమే ఉంది. రుజువు అడగడం నేను ఇప్పటికీ మానలేదు, మానను కూడా. అయినా ఆ బస్సు కిటికీ పక్కన ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి దాన్ని మళ్ళీ తెరుస్తున్న ఆ గడ్డం కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, వాడితో వాదం పెట్టుకోబుద్ధి కాదు. పక్కన కాస్త చోటడిగి కూర్చోవాలనిపిస్తుంది.