కానింగ్ వేల్‌లో మారు వడ్డన

పోయిన శనివారం మా అమ్మాయి నన్ను షాపింగ్ సెంటరుకి తీసుకెళ్ళి, భోజనాల దగ్గర ఒక నిలువెత్తు తెర ముందు నిలబెట్టి, ఏం కావాలో వేలితో నొక్కమంది. అన్నం నొక్కాను, చిక్కుడు గింజల కూర నొక్కాను, చివర్లో ఆ తెర ఇంకేమైనా కావాలా అని అడిగింది. అరవై దాటినా అలవాటెక్కడికి పోతుంది, వద్దు అన్నచోట నొక్కేశాను, వెంటనే చీటీ బయటికొచ్చేసింది. తెచ్చిపెట్టిన గిన్నెలో అన్నం గుప్పెడుంటే గొప్ప. సగం ఆకలితో లేస్తుంటే మా అమ్మాయి విసుక్కుంది.

"కావాలంటే యెస్ నొక్కొచ్చుగా మమ్మీ! ఆకలేస్తుంటే నో ఎవరంటారు?"

ఎవరంటారంటే మనం అంటాం. మన తరం వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకరింటికి భోజనానికెళ్తే మారు వడ్డించడానికొచ్చినప్పుడు మొదట వద్దనాలి, విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టాలి, ఆ ఇంటావిడ మన చేతిని పక్కకి నెట్టి వడ్డించాలి, అప్పుడు అయ్యయ్యో అంటూ ఆనందంగా తినాలి. మొదటిసారి వద్దన్నామంటే ఇంకోసారి అడగమనే. ఆ సంగతి అర్థం చేసుకుని, నన్ను ప్రతిరోజూ రెండోసారి అడిగిన మనిషి ఒకావిడ ఈ దేశంలో ఉండేది. ఆవిడ మనావిడ కాదు, ఇక్కడావిడా కాదు. శనివారం ఇంటికొచ్చినప్పటినుంచీ ఆవిడే కళ్ళముందు మెదులుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

పాతికేళ్ళ పైమాట. మేం ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్ వచ్చిన కొత్తల్లో మా ఆయనకి కంప్యూటర్ల ఉద్యోగం దొరికింది గానీ, నెల్లూరులో ఆరేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన నేను ఇక్కడికొచ్చేసరికి డాక్టర్ని కాకుండా పోయాను. ఇక్కడి పరీక్ష పాసైతేనే డాక్టరు. రాత పరీక్ష సులువుగానే గట్టెక్కాను. రెండోది వేరే బాపతు. వరసగా గదులుంటాయి, ఒక్కో గదిలో రోగి వేషం కట్టిన మనిషి ఒకరు కూర్చునుంటారు, లోపలికెళ్ళి ఎనిమిది నిమిషాల్లో వాళ్ళ బాధేమిటో రాబట్టాలి. ఆ గదుల్లో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఒకటే మాట రాసి పంపారు, రోగి మనసులో ఉన్నది కనుక్కోలేదని. చదివి ఒళ్ళు మండిపోయింది. గేటుదాకా బారులు తీరిన జనాన్ని మధ్యాహ్నానికల్లా చూసి పంపిన దాన్ని, నాకు రోగిని చూడటం రాదా అని కాగితం చింపినంత పని చేశాను. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, మెల్లిగా, "నువ్వు పేషెంటుని అడగట్లేదబ్బా, చెప్తన్నావు. ఇక్కడ అట్ట వర్కవుట్ కాదు" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో.

తర్వాత్తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలో నిజం లేకపోలేదనిపించింది. మన ఊళ్ళో రోగి ఒంటరిగా ఎప్పుడొస్తాడు? వెంట భార్యో అత్తగారో వచ్చి, అతను దాచుకున్నదంతా అడక్కముందే మన ముందు కుమ్మరిస్తారు, ఎన్ని చుట్టలు తాగుతాడో, రాత్రి ఎవరితో పోట్లాడాడో కూడా చెప్పేస్తారు. అడిగే పనిని వాళ్ళకొదిలేసి నేను మందులు రాసుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ గదిలో రోగి ఒక్కడే ఉంటాడు. నొప్పెక్కడ అంటే చూపిస్తాడు, ఇంకేమైనా ఉందా అంటే లేదంటాడు, నేను సరేనని ముందుకెళ్ళిపోతాను. మూడోసారి కూడా తప్పితే ఇక డాక్టర్ననే మాటే ఎత్తకూడదని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. పెట్టుకుని, ఆ పరీక్షయ్యే దాకా చేతులు ముడుచుకు కూర్చోలేక, కానింగ్ వేల్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనికి కుదిరాను.

ఆ ఫ్యాక్టరీ వీధి చివర, టైర్ల షాపు పక్కన, రేకుల కప్పు కింద చిన్న లంచ్ బార్ ఉండేది. పెర్త్‌లో కార్ఖానాలున్న ప్రతి పేటలోనూ ఇలాంటివి ఉంటాయి, పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం మూడింటికి కట్టేస్తారు, పనివాళ్ళు నిలబడి తిని పోతారు. దీంట్లోనూ ముందు అద్దాల పెట్టెలో ఇక్కడందరికీ తెలిసిన, పిండిలో మాంసం కూరి కాల్చిన పైలూ సాసేజ్ రోల్సూ ఉండేవి. వాటి వెనకాల మాత్రం మూడు పెద్ద గిన్నెలుండేవి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో గుమ్మడికాయ వేసి చిక్కగా వండిన ఎర్ర చిక్కుడు గింజల పులుసు, మూడోదాంట్లో కోడికూర. పక్కన పళ్ళెంలో పచ్చి అరటికాయ ముక్కలు, ఒకసారి వేయించి, చిదిమి, మళ్ళీ వేయించినవి. వాటి వాసన నన్ను మొదటిరోజు వీధి అవతలి నుంచి లాక్కొచ్చింది. ఆ షాపావిడ మోచేతుల దాకా చొక్కా మడిచి, చెవి వెనక పెన్సిలు దోపుకుని, ఎవరినీ క్షణం ఆగనిచ్చేది కాదు. ఆవిడది డొమినికన్ రిపబ్లిక్ అట, అలాంటి దేశముందని నాకు అప్పటిదాకా తెలీదు. భర్త ఓడల్లో మెకానిక్కుగా తిరిగి తిరిగి చివరికి పెర్త్‌లో దిగిపోతే ఆయన వెంట వచ్చిందట, ఆయన పోయాక ఈ కొట్టు పెట్టుకుందట. ఆడవాళ్ళందరినీ "మిహా" అని పిలిచేది, వాళ్ళ భాషలో నా బిడ్డా అని. ఆ చుట్టుపక్కల అంత చవగ్గా, అంత కడుపునిండా అన్నం పెట్టే చోటు ఇంకోటి లేదు.

కడుపునిండా అన్నానా? నాకు కాదు. మొదటిరోజు ఆవిడ అన్నం పెట్టి, పులుసు పోసి, గరిటె ఎత్తి ఇంకా వెయ్యనా అన్నట్టు చూసింది. నేను నవ్వుతూ పళ్ళెం మీద చెయ్యి అడ్డుపెట్టాను. ఆవిడ గరిటె దించేసి నా వెనకాల మనిషి వైపు తిరిగిపోయింది! చెయ్యి అలాగే పెట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాను. సాయంత్రం దాకా డబ్బాలు సర్దుతుంటే పేగులు అరిచాయి. బుద్ధి రావాలా? మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇంత వండుకున్నావిడ ఇంకోసారి అడిగితే ఏం పోయిందని మనసులో ఆవిణ్ణి తిట్టుకునేదాన్ని గానీ, కావాలని ఒక్క మాట నోరుతెరిచి అనడం నావల్ల కాలేదు. పరాయి చోట అన్నం అడగటమంటే మా అమ్మ నేర్పిన మర్యాదంతా మంటగలిపినట్టే నాకు.

రెండో వారంలో ఒకరోజు ఆవిడ గరిటె ఎత్తింది, నేను చెయ్యి అడ్డుపెట్టాను, ఈసారి గరిటె దించలేదు. నీ నోరు ఒకటంటోంది, నీ కళ్ళు గిన్నెలోనే ఉన్నాయి, ఏది నమ్మను అని అడిగింది. నా వెనకాల పసుపు చొక్కాల పనివాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆవిడ కదిలితేగా! నువ్వు చెప్పేదాకా ఇంకొకరికి పెట్టనని భీష్మించుకుంది. వెనకాల నుంచి ఒకాయన, "కమాన్ లవ్, జస్ట్ టెల్ హర్, మాకూ ఆకలేస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది, దాంతోపాటు ఎక్కళ్ళేని పంతమూ వచ్చింది. ఇంకాస్త అన్నం కావాలి, పులుసు కావాలి, అదిగో ఆ గిన్నె అడుగున అంటుకున్న మాడు కూడా కావాలి అని గట్టిగా చెప్పేశాను. ఆ మాడు మాట వినగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. వాళ్ళ ఊళ్ళో దాన్ని అపురూపంగా చూసుకుంటారట, అడిగి మరీ వేయించుకుంటారట. ఈ దేశంలో అది అడిగింది నువ్వొక్కదానివే అంటూ గరగరా గీకి, నూనె ఓడుతూ కరకరలాడే పెద్ద అట్టు తీసి నా పళ్ళెంలో పెట్టింది. చిన్నప్పుడు మా అమ్మ మాడు మీద నెయ్యేసి పెట్టేది. మా అమ్మ గుర్తొచ్చింది, మాడంతా తిన్నాను.

ఆ మధ్యాహ్నం జనం పల్చబడ్డాక ఆవిడకి మన మొహమాటం సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, మంచిది, నువ్వు మొదటిసారే చెప్పడం నేర్చుకో, నేను రెండోసారి అడగడం నేర్చుకుంటాను అంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడాను. గిడ్డంగుల్లో పనిచెయ్యడానికొచ్చే మన తెలుగు పిల్లలు "నో ఆంటీ, ఐ యామ్ ఫుల్" అంటూ పళ్ళెం వెనక్కి లాక్కుంటుంటే, ఒక్క క్షణం ఆగి మళ్ళీ అడిగేది, వాళ్ళు సిగ్గుపడుతూ పళ్ళెం ముందుకు పెట్టేవాళ్ళు. నా పరీక్ష గోడు కూడా ఆవిడకే చెప్పుకున్నాను. అయితే నేనే రోగినంటూ ఎత్తు స్టూలు లాక్కుని కూర్చుంది. నాకున్న అరగంటలో తిండికి పదిహేను నిమిషాలు, మిగతాది ఆవిడ రోగాలకి. ఒకరోజు గుండెల్లో మంటనేది, ఒకరోజు మోకాళ్ళనేది, మనసులో అసలు బాధ ఇంకోటి పెట్టుకునేది. ఇంకేమైనా ఉందా అంటే లేదనేది. నేను సరేనని లేవబోతే చెవి వెనక పెన్సిలు తీసి నా వేళ్ళ మీద కొట్టేది. నేను గరిటె దించేశానా ఆ రోజు అని అడిగేది. నాలుగు నెలలు ఒక్కరోజు మానకుండా అదే పని. టైర్ల షాపాయన కూడా అప్పుడప్పుడూ వచ్చి నడుంనొప్పి రోగిగా కూర్చునేవాడు, ఆయన నొప్పి నిజమేనని నాకు చాన్నాళ్ళకి గానీ తెలీలేదు.

మూడోసారి పరీక్షకెళ్ళాను. అయిదో గదిలో తలనొప్పితో ఒక పెద్దమనిషి. అడగాల్సినవన్నీ అడిగాను, మందు సంగతి చెప్పాను, ఇంకేమైనా ఉందా అంటే లేదు డాక్టర్, అంతే అన్నాడు. గడియారంలో రెండు నిమిషాలుంది. పాత నేనైతే లేచి దండం పెట్టి వచ్చేదాన్ని. కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, మీరు చెప్పనిది ఏదైనా మిమ్మల్ని బాధపెడుతోందా అని మళ్ళీ అడిగాను. ఆయన తల వంచుకుని, మా తమ్ముడికీ ఇలాగే తలనొప్పితో మొదలైంది, మెదడులో గడ్డతో పోయాడు అన్నాడు. వేషమని తెలుసు, అయినా మిగిలిన సమయమంతా ఆయన తమ్ముడి గురించే అడిగాను. పాసయ్యానని కాగితం వచ్చినరోజు ముందుగా ఆవిడకే చెప్పాను, గిన్నెలో మాడంతా ఆ రోజు నాదే.

ఆ తర్వాత నాకు దూరంగా పల్లెటూరి ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది. రెండేళ్ళు అక్కడ చేసి, తిరిగి కానింగ్ వేల్‌లోనే ఒక క్లినిక్‌లో చేరాను. చేరిన వారంలో ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆవిడ చిక్కిపోయింది. నేనెన్నడూ చూడని విధంగా కూర్చుని వడ్డిస్తోంది, రోగిగా కూర్చుని నన్ను పరీక్షించిన ఆ ఎత్తు స్టూలు మీదే. నా కళ్ళు అవన్నీ చూశాయి. ఒంట్లో బాగుందా అని అడిగాను. ఏం లేదు మిహా, అంతా బాగుంది అంది. నాకు రెండింటికి రోగులున్నారు, గబగబా తిని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాను. అంత తొందరలోనూ ఆవిడ నన్ను రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టింది.

నెలన్నర తర్వాత వెళ్తే తలుపుకి తాళం. టైర్ల షాపాయన, ఆవిడకి కొన్నాళ్ళుగా ఒంట్లో బాలేదనీ, కూతురొచ్చి మెల్‌బోర్న్‌కో ఇంకెక్కడికో తీసుకెళ్ళిందనీ చెప్పాడు. చిరునామా ఆయన దగ్గరా లేదు. నాకు తెలిసిన దారులన్నీ వెతికాను, ఆవిడ ఏమైందో ఈ రోజుకీ నాకు తెలీదు.

ఇప్పుడా రేకుల కప్పు కింద ఫోన్లు బాగుచేస్తున్నారు. మా క్లినిక్‌లో రోగులు రాకముందే వాళ్ళ బాధని ఫోన్లో నొక్కి పంపిస్తున్నారు, అడిగే పని అక్కడే అయిపోయిందనుకుంటున్నారు మా కుర్ర డాక్టర్లు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి అలాంటి కొట్టు దొరకలేదు, వాళ్ళ వేళ్ళ మీద పెన్సిలు దెబ్బలు పడలేదు. నేను మాత్రం ఇన్నేళ్ళుగా ఒక నియమం తప్పలేదు. బయట బెంచీల మీద జనం గొణుక్కోనీ, మేనేజరమ్మ తలుపులోంచి గడియారం చూపించనీ, ఏం లేదు డాక్టర్ అన్న ప్రతి మనిషినీ కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ అడుగుతాను. ఓపికున్నన్నాళ్ళూ అడుగుతాను. మీరు చాలా మంచివారు డాక్టర్ అని కొందరు చెయ్యి పట్టుకుంటారు. వాళ్ళకేం చెప్పను? రెండోసారి అడగడం నేర్పిన మనిషిని నేను ఒక్కసారే అడిగి వచ్చేశాను.