తువ్వాలు మడిచే విలన్

ఫోన్లలో ఆడే ఆటకు విలన్లను కల్పించడం ప్రసూన ఉద్యోగం. మొదటి రెండు భాగాల్లో విలన్లు గొంతు చించుకుని అరిచినా ఎవరూ భయపడలేదు. మూడో భాగంలో విలన్ అసలు అరవడు. తువ్వాలు మెల్లగా మడిచి మోకాలి మీద వేసుకుని, "నా బిడ్డల కోసమేనప్పా" అంటూ పక్కవాళ్ల నీళ్లు లాగేస్తాడు. ఆడేవాళ్లు వాణ్ణి చూసి వణికిపోయారు. ఆ తువ్వాలు, ఆ మాట ఆమె నాయన బయ్యన్నవి. ఆయన గట్టు పక్కనే లోతుగా బోరు వేయించాక పొరుగు పాపన్న బోరు ఎండిపోయింది. ఆ నీళ్లతో పండిన పంటే ఆమెను చదివించింది. సొంతూరు గార్లదిన్నె వచ్చినప్పుడల్లా ప్రసూన ఆ ఆటను ఇంట్లో ఎవరి కంటా పడనిచ్చేది కాదు. ఈసారి బయ్యన్న చూడనే చూశాడు. మడుస్తున్న తువ్వాలు సగంలో ఆపి, "ఇందులో పాపన్న యాడుండాడమ్మా?" అని అడిగాడు. పాపన్నను ఆటలో పెట్టాలని ప్రసూనకు తోచనే లేదు.