మూర్తి సార్‌ను ప్రమాణం చేయమన్నాను

పెళ్లికొడుకును లోపల కూర్చోబెట్టి, పెళ్లివాళ్లే కారును తోసుకుంటూ నాచారం మెయిన్ రోడ్డు మీదికి వచ్చిన ఊరేగింపును మీలో ఎవరైనా చూశారా? చూసి నవ్వుకుని ఉంటే, ఆ కారు నాదే. అప్పుడు నవ్వలేకపోయినవాళ్లు ఇప్పుడు నవ్వండి, మొత్తం చెబుతాను.

అప్పటికింకా తెలంగాణ రాలేదు, కరెంటు కూడా సరిగ్గా వచ్చేది కాదు. ఏడో తరగతిలోనే బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. పెళ్లిళ్లకు సీరియల్ లైట్లు కట్టే పనిలో పడి, చేయి కాస్త తిరగ్గానే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కొన్నానే గానీ నడిపిందెక్కడ? ఉప్పల్ పోవాలన్నా స్కూటరే. కారు మాత్రం గేటు లోపల కొత్త అల్లుడిలా కూర్చుని, వారానికోసారి స్నానం చేయించుకునేది. డ్యాష్‌బోర్డు మీద వెంకన్నను పెట్టి, చుట్టూ రంగు బల్బులు నా చేత్తోనే కట్టాను. ఎర్రవి ఆరితే పచ్చవి వెలిగేవి. దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి దండం పెట్టుకుని పోయేవారంటే నా పనితనం ఊహించుకోండి.

ఆ అల్లుడికి ఒకటే జబ్బు. ఎప్పుడు తాళం తిప్పినా ‘టక్’ అని ఊరుకునేవాడు. ఉప్పల్ మెకానిక్ బ్యాటరీ విప్పుకుపోయి, ఛార్జింగ్ పెట్టి తెచ్చి బిగించేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ టక్. నిలబెట్టిన బండి గట్లనే అయితది, జర తిప్పమని అతను చెప్పాడు. తిప్పితే పెట్రోలు అయిపోతుంది గనక ఆ మాట నమ్మలేదు. నేను ఇంట్లో లేనప్పుడు నా కరెంటును ఎవరో తోడుకుంటున్నారని తేల్చేశాను.

ఎవరు? ఇంకెవరు, పై పోర్షన్‌లో అద్దెకుండే మూర్తి సార్. గోదావరి జిల్లా మనిషి, ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. ఊరంతా కరెంటు పోయినా ఆయన ఫ్యాను తిరిగేది. ఇన్వర్టర్ ఉందని ఆయనే చెప్పారు. చెప్పారు గనకే అనుమానం! పైగా ఆయన బాల్కనీ నుంచి ఒక తీగ సరిగ్గా నా కారు మీదుగా గోడకు పోయేది. ఒకరోజు గూఢచారిలా గోడెక్కి దాన్ని పట్టుకుని చూస్తే, సార్ తడి లుంగీ నా నెత్తిన పడింది. బట్టలారేసే తీగ. సరే, వేషం బాగుంది అనుకున్నాను.

మా ఆవిడ సుజాతకు చెబితే నన్నే ఎగాదిగా చూసింది.

“ఆయన మనింట్ల ఉప్పు గూడ అడగడు. నీ బ్యాటరీ ఏం జేసుకుంటడు?”

“గదే నేననేది. ఉప్పు గూడ అడగనోడు పెద్దదానికే కన్నేసిండన్నట్టు.”

కారు తలుపుకు దారం కట్టాను. తెగలేదు. టైరు పక్కన సుద్దముక్కతో గీత గీశాను. చెరగలేదు. ఎంత ఆరితేరిన దొంగో చూడండి! చివరికి, లోపల దూరితే ముఖం కనబడాలని కారు లోపలి లైటు కూడా వేసి ఉంచాను. వారం నిలిచే బ్యాటరీ ఆ దెబ్బకు మూడు పూటలు కూడా నిలవలేదు. దొంగకు ధైర్యం పెరిగిందని నాకు రూఢి అయింది.

సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది శీను పెళ్లి వచ్చింది. అన్నోజిగూడలో ఫంక్షన్ హాలు. అత్తగారింట్లో నన్ను అందరూ ‘లైట్లోడు’ అనే పిలిచేవారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి, పెళ్లికొడుకు నా కారులోనే దిగుతాడని మామ ముందు ఛాతీ విరిచి చెప్పాను. నా ఇజ్జతంతా ఆ కారు మీదే ఉంది. ముందురోజే బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించి, దొంగ భయంతో లోపలి లైటు వేసి పడుకున్నాను.

తెల్లారాక మామ, చుట్టాలు, బ్యాండువాళ్లు మా గేటు ముందు చేరారు. శీను తలపాగా వంచుకుని కారెక్కాడు. తాళం తిప్పాను. టక్.

“ఏంది బావా?” అన్నాడు శీను.

నేను పైకి చూసి, “సార్, జర కిందికి రాండ్రి” అని పిలిచాను. పెళ్లికి మేమే పిలిచాం గనక, మూర్తి సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చదివింపుల ప్యాకెట్ పట్టుకుని నవ్వుతూ దిగారు. అంతమందిలో అడిగేశాను.

“మా బ్యాటరీల కరెంటు మీరు తీస్తలేరా సార్?”

ఆయన నవ్వు ఆరిపోయింది. “నేనా? నాకేం ఖర్మండీ?”

“అయితే వెంకన్న మీద చెయ్యి వెట్టి చెప్పుండ్రి.”

పాపం, ఆయన చెప్పులు విడిచి, కారులోకి వంగి, దేవుడి మీద చేయి వేయబోయి ఆగారు. “దీపాలు వెలగట్లేదేమండీ?”

“బ్యాటరీ లేదు గద సార్.”

“ఉన్నప్పుడు ఎప్పుడు ఆపుతారు?”

ఇంత చదువుకున్నాయనకు ఈ మాత్రం తెలియదా అని జాలేసింది. “దేవుని దీపం ఎవలన్న ఆపుతరా సార్? తాళం తీసినా వెలగాలని తీగ సీదా బ్యాటరీకే ఇచ్చిన.”

సుజాత దేవుణ్ని చూసింది, నన్ను చూసింది, నెత్తి మీది లైటు స్విచ్ చూసింది. “ఇది గూడ నువ్వేనా?”

“అది దొంగను పట్టనీకి.”

“దొంగ దొరికిండు తియ్,” అన్నాడు మామ పంచె పైకి కట్టుకుంటూ, “ఇగ తొయ్యుండ్రి.”

చేయి ఇంకా గాల్లోనే ఉంచి మూర్తి సార్ అడిగారు: “ఇంతకీ ప్రమాణం చేయమంటారా, వద్దంటారా?”

కారుకు మొదట భుజం ఆనించింది కూడా ఆయనే. మెయిన్ రోడ్డు ఎక్కాక అది దగ్గి, తుమ్మి, బతికింది. పెళ్లి బాగానే జరిగింది. మా అత్తగారింట్లో ఇప్పటికీ నేను లైట్లోణ్నే. మూర్తి సార్ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. కారు పక్క నుంచి వెళ్లినప్పుడల్లా దండం పెట్టుకుని, “స్వామి ఆ అలవాటు మానేశారాండీ?” అని అడిగి పోయేవారు, అంతే.

కాబట్టి ఇందుమూలంగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీద ఎవరి చేత ఏ దేవుడి మీద ప్రమాణం చేయించాల్సి వచ్చినా, ముందు ఆ దేవుడి వెనక తీగ ఎక్కడికి పోయిందో చూసుకుంటాను. ఈ ఒట్టు మాత్రం మా వెంకన్న మీద వేయడం లేదు. ఆయన ఈ కేసులో ముద్దాయి.