పూడిక

పెగడపల్లి శివారులోని ఆ బావిని నాలుగిళ్ల తాతలు కలిసి తవ్వి, నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. ఎండాకాలం పూడిక తీసేటప్పుడు ఇంటికో మనిషి రావాలి. రాని ఇంటికి ఆ యేడు వంతు లేదు. భర్త మస్కట్ పోయినప్పటి నుంచి తన ఇంటి తరఫున భూమవ్వే వస్తోంది. మరిది నర్సయ్య దుబాయిలో ఉన్నన్నాళ్లూ అతని వంతు పోకుండా అతని గంపలూ ఆమే మోసింది.

ఆ దుబాయి పైసలతోనే నర్సయ్య బావి పక్కన తన చెలకలో బోరు వేశాడు. అది చూసి వంతుదారుల్లో ఇంకొకడు గంగారామూ వేశాడు. ఇప్పుడు బావిలో పాదం మునిగేటన్ని నీళ్లు లేవు. పసుపు పంట పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.

ఈసారి పూడికకు వచ్చింది ఇద్దరే. అడుగున నాలుగో ఇంటి ముత్తమ్మ పారతో బురద ఎత్తుతోంది. పైన భూమవ్వ తాడుతో గంపలు లాగుతోంది. మోటారు వేయడానికి వచ్చిన నర్సయ్య ఆగాడు.

"ఏం వదినె, బంగారం దొరికిందా?"

"నీ వంతుకు రాకపోతివేంది?"

"నాకు వంతెందుకు? నా భూమి, నా బోరు, నా నీళ్లు."

"భూమికైతె హద్దురాళ్లున్నయి. నీళ్లకు ఏడ పాతినవ్? నీ బోరు పడంగనే మా ఊట బందాయె."

"గట్లయితే నువ్వు గూడ బోరు ఏపియ్యి. అన్నను ఇంకో రెండేండ్లు ఆడనే ఉండుమను. నేను వద్దన్ననా?"

నవ్వుకుంటూ పోయాడు. భూమవ్వకు ఒళ్లు మండిపోయింది. అక్కడే నిలబడి మస్కట్‌కు ఫోను కలిపింది.

"దసరాకు రాకు. బోరెయ్యాలె. నర్సిగానిది నాలుగొందల ఫీట్లు. మనది ఆరొందలు పోవాలె. వాని మోటరు గాలి పీల్చాలె."

"ఇంటికి పోత అని కఫీల్ సేఠుకు చెప్పిన గదనే."

"పోనని చెప్పు."

"సరే తియ్," అన్నాడు భర్త.

కింద నుంచి ముత్తమ్మ అరిచింది. బోరుకు పైసలు పంపే మనిషి ఆమెకు ఏ దేశంలోనూ లేడు.

"భూమవ్వా, గంప నిండి ఎంతసేపాయె. ఎవలతోనే ముచ్చట?"

"ఎవలతో లేదు."

తాడు లాగింది. గంపెడు బురదను నర్సయ్య గట్టు మీదికి విసిరికొట్టింది. బావిలోకి చూడకుండానే ఖాళీ గంప దించింది.