తాతాజీ ఎత్తలేకపోయిన ఫోను

రాజోలు బస్టాండు ఎదురుగా నా జిరాక్సు కొట్టు. దాన్ని ప్లైవుడ్ చెక్కతో రెండు చేసి, అవతలి సగం తాతాజీకి అద్దెకిచ్చాను. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. మనిషి ఎంత మెతకంటే, కొట్టులో దోమ కుట్టినా దాన్ని "కాస్త లేవండి" అని బతిమాలతాడేమో అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు, అంతే.

అతనికి కంప్యూటరు పిచ్చి. అమలాపురంలో డిప్లొమా చదివాడు. ఫోన్లలో పెట్టే ప్రోగ్రాములు సొంతంగా తయారుచేసి అమ్మాలని కోరిక. రాజోల్లో కూర్చుని అదేం వ్యాపారమయ్యా అని నాతో సహా అందరం వెక్కిరించాం. వెక్కిరించనిది అతని భార్య విజయ ఒక్కతే. "రెండేళ్లు మీరు ఆ పనే చూసుకోండి, ఇల్లు నేను నడుపుతాను" అని 2006 ఆగస్టులో ఇంటిపనికి కువైటు వెళ్లింది. మూడేళ్ల కూతురు దుర్గని తన తల్లి దగ్గర వదిలింది.

విజయ అయిదో తరగతితో బడి మానేసింది. ఇంగ్లీషు రాదు. అప్పటి చవక ఫోన్లలో తెలుగు మెసేజీ వచ్చేది కాదు. అందుకని తాతాజీ మొదటి ప్రోగ్రాము ఆవిడ కోసమే మొదలుపెట్టాడు. ఇవతల తెలుగులో రాస్తే అవతల తెలుగులోనే కనబడాలి. రెండు ఫోన్లలోనూ ఆ ప్రోగ్రాము ఉంటే చాలు. ఒక్కొక్క అక్షరాన్నీ చుక్కలు పేర్చి ముగ్గేసినట్టు గీశాడు. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి ఎనిమిది నెలలు పట్టింది. దానికి ‘కబురు’ అని పేరు పెట్టాడు. ఒక ఫోన్లో ఎక్కించి, కువైటు వెళ్తున్న ఒకావిడ చేత విజయకి పంపాడు.

ఆ ఫోన్ని విజయ పనిచేసే ఇంటి యజమానురాలు తీసుకుని బీరువాలో పెట్టేసిందట. పనివాళ్ల దగ్గర ఫోను ఉండకూడదట. ఎవరి కోసం చేశాడో ఆవిడకి తప్ప ‘కబురు’ ఊరందరికీ పనికొచ్చింది. దుబాయి, మస్కట్, కువైటు ఎక్కడికి వెళ్లేవాళ్లైనా బయల్దేరేముందు తాతాజీ కొట్టుకొచ్చి తమ ఫోన్లోనూ, ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఎక్కించుకునేవారు. మలికిపురం నుంచి, మామిడికుదురు నుంచి, చివరికి రావులపాలెం నుంచి కూడా వచ్చేవారు. అన్ని పనులూ అతనొక్కడే. ప్రోగ్రాము రాసేదీ, అమ్మేదీ, తప్పులు దిద్దేదీ అతనే. అనుమానం వస్తే అడగడానికి ప్రోగ్రాము తెరవగానే కనబడేలా ఒక నెంబరు పెట్టాడు. అది అతని సొంత నెంబరే. అతనికున్నది అదొక్కటే మరి.

విజయకి కంఠతా వచ్చిన నెంబరు కూడా అదే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం యజమానులు బంధువులింటికి వెళ్లినప్పుడు, ఆ ఇంటి ఫోన్లోంచి ఆవిడ రెండు రింగులిచ్చి పెట్టేసేది. ఆ నెంబరు ఇక్కడ తెర మీద పడేది కాదు, తిరిగి చేద్దామన్నా వీల్లేదు. మనకి అప్పుడు నాలుగు గంటలు. రెండు రింగులంటే క్షేమం అని. ఎత్తితే బిల్లులో తెలిసిపోతుంది కాబట్టి తాతాజీ ఎత్తేవాడు కాదు. మోగుతున్నంతసేపూ ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాడు. ఆ పది సెకన్ల కోసం వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు.

2008 ఆగస్టు ఆఖరి వారంలో, సెలవు మీద వచ్చిన ఒకావిడ విజయ ఉత్తరం తెచ్చింది. తాతాజీ ఒక ఫోను విప్పి పనిలో ఉంటే నేనే పైకి చదివాను.

"రెండేళ్లు నిండేయి. ఇంకో రెండేళ్లకి శనివారం సంతకం పెట్టమంటన్నారు. మీ వ్యాపారం నిలబడిందో లేదో నాకిక్కడ తెలీదు. ఈ శుక్రవారం ఎప్పుడూ చేసే వేళకే చేస్తాను. వచ్చెయ్యమంటే ఫోను ఎత్తండి. బిల్లు సంగతి నేను పడతాను. ఎత్తకపోతే ఉండమన్నారని అనుకుంటాను."

ఆ శుక్రవారానికి ఇంక అయిదు రోజులే ఉంది. జవాబు రాస్తే అందదు. కువైటులో ‘కబురు’ వాడేవాళ్లు ఎంతమందున్నా, ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లి పనిమనిషిని పిలవమనే ధైర్యం ఎవరికుంటుంది?

"ఎత్తడమే కదండీ అన్నయ్యగారూ" అన్నాడు తాతాజీ, మొహం వెలిగిపోతుంటే. గురువారం దుర్గని కొట్టుకి తీసుకొచ్చి, "అమ్మ వచ్చేస్తంది" అని చెప్పాడు కూడా.

మేమిద్దరం మరిచిపోయింది ఒకటుంది. గల్ఫులో అందరికీ శుక్రవారమే సెలవు. ఆ రోజే అందరూ ఇళ్లకి కబుర్లు పంపుతారు. ఆ రోజే తాతాజీ ఫోను ఊపిరాడకుండా మోగుతుంది. ఇన్నాళ్లూ నాలుగింటి వేళకి ఏ ఫోనూ ఎత్తేవాడు కాదు, ఈసారి ఏది విజయదో తెలీదు కాబట్టి అన్నీ ఎత్తాలి.

మూడున్నర నుంచి ఎత్తిన ప్రతి ఫోనూ "విజయా?" అనే ఎత్తాడు. అవతల ఎవరెవరో. నాలుగుకి రెండు నిమిషాలుందనగా దగ్గర్లోని నగరం అనే ఊరి నుంచి సూరమ్మ గారు చేసింది. కూతురు మస్కట్‌లో ఉంది. పక్కింటి ఫోనులోంచి మాట్లాడుతూ తన ఫోను చేత్తో పట్టుకుంది. చెవిటి మనిషి, ఆవిడ కేకలు నాకూ వినబడుతున్నాయి.

"అమ్మాయి ఏదో రాసింది బాబూ! తెర మీద గళ్లే కనపడతన్నాయి!"

"ఎడమవేపు మీట నొక్కండమ్మా. మళ్లీ నే చేస్తానండి, ఒక్క పావుగంటాగండి."

"వచ్చింది, వచ్చింది! ఉండు బాబూ, చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చెప్పు. అ... మ్మా... నే... ను..."

మా వైపు ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్లు "ఉంటాను బాబూ" అనేదాకా చిన్నవాళ్లు ఫోను పెట్టరు. తాతాజీ లేచి నిలబడ్డాడు. "ఆయ్, ఆయ్... అమ్మా, ఒక్కమాట వినండి..." అంటున్నాడు. ఇంతలో అతని చెవిలో టింగుమని ఇంకో ఫోను వస్తున్న చప్పుడు మొదలైంది. మొహం చూస్తేనే నాకు అర్థమైంది.

"పెట్టెయ్యవయ్యా!" అని అరిచాను. ముసలావిడ "ని... న్న... జ్వ... రం..." అని కూడబలుక్కుంటోంది. జ్వరం అనే మాట మీద తల్లి ఫోను ఎలా కోస్తాడు? "అమ్మా, ఉంటానమ్మా, ఉంటానండి" అని బతిమాలుతూనే ఉన్నాడు. ఏడెనిమిది సార్లు మోగి ఆ చప్పుడు ఆగిపోయింది. "...తగ్గింది" అని చదివి, సంతోషంగా "ఉంటాను బాబూ" అంది సూరమ్మ గారు.

ఆరింటిదాకా కూర్చున్నాడు. ఫోను మోగుతూనే ఉంది, విజయ మాత్రం మళ్లీ చెయ్యలేదు. ఆవిడకి జవాబు అందిపోయింది కదా. నాకు అతని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. నేనైతే కోసేద్దును. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది అని మొహమ్మీదే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నెల తర్వాత విజయ ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టేసిందట. దుర్గ ఎంత ఎత్తయిందో గోడ మీద గీత గీసి, దారంతో కొలిచి ఆ దారం పంపమంది. చివర్న ఒక్క ప్రశ్న. "ఆ రోజు నేను చేసినప్పుడు మీరు ఫోను దగ్గరే ఉన్నారా?"

తాతాజీ రెండు రోజులు జవాబు రాశాడు, చింపాడు, రాశాడు. మూడో రోజు అడ్రసు రాయమని నాకిచ్చాడు. మడత విప్పి చదివాను.

"ఫోను నా చేతిలోనే ఉంది విజయా. మోగుతుంటే చూస్తానే ఉన్నాను. ఇంకా నిలదొక్కుకోలేదని ఎత్తలేదు."

"ఇదేం అబద్ధమయ్యా? జరిగింది రాయి" అన్నాను.

"జరిగింది రాస్తే, వచ్చేదాన్నే కదా అని రెండేళ్లూ ఏడుస్తుందండి" అన్నాడు తాతాజీ. "వద్దన్నానంటే నా మీద కోపమొస్తుంది. కోపమైతే ఎలాగో బతకనిస్తుందండి."

అప్పుడు కూడా అతని ఫోను మోగింది. ఎత్తి "ఆయ్, చెప్పండమ్మా" అన్నాడు. నేను కవరు మీద కువైటు అడ్రసు రాశాను.