మూసాపేట షెడ్డు నుంచి అనంతగిరి దాకా మా పాత జీపు

పాత జీపు బాగు చేయించుకున్నవాళ్లు మొదట ఎక్కడికి వెళ్లాలని నన్ను అడుగుతుంటారు. మేము వెళ్లిన దారి చెబుతాను. మాది కర్నూలు, ఉద్యోగం మాదాపూర్‌లో. గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్ల కోసం చదును చేస్తున్న స్థలంలో, ముళ్లకంపల మధ్య ఈ జీపు కనిపించింది. మా ఆఫీసు క్యాబ్ నడిపే యాదగిరిది సిద్దిపేట దగ్గరి పల్లె. నన్ను అక్కా అని పిలుస్తాడు, ఇంజన్లంటే నాకున్నంత పిచ్చి అతనికీ ఉంది. మూసాపేటలో షెడ్డు కిరాయికి తీసుకుని రెండేళ్ల ఆదివారాలు దానికే ధారపోశాం. ప్రత్యేక రాష్ట్రం విషయంలో మా మాటలు కలిసేవి కావు. వాదించుకుంటూనే బోల్టులు బిగించేవాళ్లం. చివరికి నాలుగు చక్రాలూ కలిసి తిరిగే గేరు పడింది. దాన్ని పరీక్షించడానికే గోపన్‌పల్లి, శంకర్‌పల్లి మీదుగా అనంతగిరి కొండలకు బయల్దేరాం.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉండగానే కూకట్‌పల్లి, కొండాపూర్, గచ్చిబౌలి దాటేశాం. గోపన్‌పల్లి దగ్గర వంటావార్పు: రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అందరికీ వడ్డించే నిరసన. వంట చూస్తున్న లక్ష్మమ్మ అనే పెద్దావిడ నా దగ్గరకొచ్చి ఏ ఊరని అడిగింది. కర్నూలని చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లంతా జీపు వైపు తిరిగారు. ఎవరైనా కోపంతో రాయి విసిరితే రెండేళ్ల కష్టం అక్కడే ముగిసిపోతుంది.

యాదగిరి దిగి నా పక్కన నిలబడ్డాడు. "మా అక్కనే. ఈ బండి ఇద్దరం కలిసి చేసినం."

సాయంత్రం దాకా దారి ఇవ్వలేమని, తిని పొమ్మందామంటే బియ్యమే రాలేదని లక్ష్మమ్మ చెప్పింది. బియ్యం తెస్తున్న ట్రాక్టర్ రాత్రి వానకు నానిన పక్క చేలో దిగబడిందట. తెల్లవారుజాము నుంచి తోస్తూనే ఉన్నారు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. జీపును చేలోకి దింపి, వెనకనున్న హుక్కుకు మోకు కట్టాం. మొదటిసారి చక్రాలు ఊరికే తిరిగి బురద చిమ్మాయి. క్లచ్ కమురు వాసన వచ్చింది. జీపు కూడా కూరుకుపోతుందేమోనని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. నలుగురొచ్చి చక్రాల కింద రాళ్లు పేర్చారు.

"ఎడమకు తిప్పి పోనియ్ అక్కా, ఇగ ఆపకు," అన్నాడు యాదగిరి.

ఆపలేదు. ముందు చక్రాలు పట్టు దొరికించుకున్నాయి. జీపు వణుకుతూ, గర్జిస్తూ కదిలింది. దాని వెనకే బియ్యం మూటలతో ట్రాక్టర్ గట్టెక్కింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. యాదగిరి బురదలోనే ఎగిరాడు, నేనూ స్టీరింగ్ వదిలి చప్పట్లు కొట్టాను.

లక్ష్మమ్మ బానెట్ మీద చెయ్యేసి, "గట్టి బండే చేసిన్రు బిడ్డా. కూసోండ్రి, తిని పోదురు," అంది. రోడ్డు మీదే వేడి అన్నం, పచ్చిపులుసు తిన్నాం. దారి మాత్రం తెరవలేదు. ఆవిడే గుట్ట పక్కన రాళ్ల బాట చూపించింది. మిగతా బళ్లు పోలేని ఆ బాట మా జీపు ఎక్కేసింది. ఎండ తగ్గేలోపు అనంతగిరి పైనున్నాం.

అక్కడ బురద కొట్టుకున్న జీపుకు ఆనుకుని నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి పనిచేసిందనే కాదు, అందరి ఆకలి తీరడానికి పనికొచ్చిందని. ఆ రోజు తర్వాత కూడా యాదగిరితో వాదనలు ఆగలేదు, ఆదివారాలూ ఆగలేదు. మీరూ పాత జీపుతో బయల్దేరే ముందు ఒకటి చూసుకోండి: మోకు కట్టే హుక్కు బంపర్‌కు కాదు, బండి అడుగున ఉండే ఉక్కు చట్రానికే, అంటే ఛాసిస్‌కే బిగించి ఉండాలి.