వ్యాసంలో రాయని వంతు

ఆదివారం అనుబంధంలో సగం పేజీ ఖాళీ పడిందంటే మా కరీంనగర్ ఆఫీసులో అందరూ నా బల్ల వైపు చూసేవాళ్లు. ఏ దేశపు సంగతైనా గంటలో తెలుగు చేసి ఇస్తాడని నాకొక పేరుండేది. నిజానికి నేను హైదరాబాద్ దాటి అవతలికి పోయినవాణ్ని కాను.

ఎనభైల మధ్యలో, వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు, ఏ దేశం నీళ్లను ఎట్లా కాపాడుకుంటోందని ఒక వ్యాసం రాశాను. ఇజ్రాయెల్‌లో సన్నటి గొట్టాలతో మొక్క మొదట్లోనే చుక్క చుక్కగా నీళ్లు వదులుతారని, సింగపూర్‌లో ఊరి మీద పడ్డ వానను మళ్లించి దాచుకుంటారని, ఎడారి దేశాల్లో సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి తాగుతారని రాశాను. చివర్లో 'మనకు మాత్రం ఒక పద్ధతంటూ లేదు' అని ఒక నిట్టూర్పు తగిలించాను. ఆ నిట్టూర్పు బాగా కుదిరిందని మా ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

అది అచ్చయిన ఆదివారమే నేను హుస్నాబాద్ బస్సెక్కి మా ఊరికి పోయాను. మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు బడిపంతులు, వ్యవసాయమంతా అవ్వదే. ఆమె పుట్టినూరు కూడా అదే. చెరువు కింద ఆఖరి మళ్లు మావి. వానాకాలం పంట ఎండిపోయింది. చలికాలంలో నాటే యాసంగి పంట కోసం అవ్వ ఇంటి వెనక బావి దగ్గర నారు పోసి కూర్చుంది. ఆ నారు ఇంకో వారం దాటితే ముదిరిపోతుంది. బాపు జీతంతో బియ్యం కొనుక్కోవచ్చు, నిజమే. కానీ కాపుదనం చేసే ఇంట్లో బియ్యం కొనడమంటే అవ్వకు ఊరందరి ముందు ఓడిపోవడం.

నేను పోయేసరికి చెరువు కట్ట మీద రైతులంతా కూర్చున్నారు. మధ్యలో నీరడి నిలబడి ఉన్నాడు. చెరువు నీళ్లు పంచేది ఆయనే. ఆయన తప్ప ఇంకెవరూ తూము ముట్టకూడదు. తాతల నాటి నుంచి అది వాళ్ల ఇంటి పని. పంటయ్యాక ప్రతి కల్లంలోనూ ఆయనకిన్ని వడ్లు కొలిచేవాళ్లు. మిషన్ చర్చికి పోయే కుటుంబం. ఆదివారాలు పొద్దున్నే మళ్లకు నీళ్లు మళ్లించి, మోకాళ్ల దాకా బురద కడుక్కుని అటు నుంచి అటే ప్రార్థనకు పోయేవాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ని.

"తూము మెట్లల్ల నాలుగే మునిగినయ్," అన్నాడు కాక. "గీ నీళ్లు మొత్తం ఆయకట్టుకు సాలవు. తైబందీ జేసుకోవాలె."

తైబందీ అంటే మా దిక్కు పాత కట్టుబాటు. నీళ్లు తక్కువైన ఏడు, ఎంత పొలం తడుస్తుందో నీరడి తేలుస్తాడు. తూము దగ్గరి మళ్లను మాత్రమే అందరూ తలా ఇంత పంచుకుని నాటేసుకుంటారు. పొలం ఎవరిదైనా ఆ ఒక్క పంట నాటేసినవాడిదే. ఆఖరి మళ్లవాళ్లకు అన్నం దొరికే దారి అదొక్కటే.

తూము పక్క మళ్లన్నీ ఊళ్లో పెద్దరైతు పటేల్‌వి. అవ్వను చెల్లె అని పిలిచే మనిషే, చెడ్డవాడు కాదు. కానీ ఆ పూట ఆయన ఒళ్లో మా పేపరు ఉంది.

"తైబందీ ఎందుకే? చెల్లె కొడుకే రాసిండు సూడు, చుక్క చుక్కతోని పండిస్తుండ్రట. కిందోళ్లు గట్లనే పండించుకోండ్రి. నా మళ్లెందుకియ్యాలె?"

కట్ట మీద నవ్వులు లేచాయి. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఇగ నీ పెన్నులకెల్లే నా నారుకు నీళ్లు పొయ్యి."

"మనకు పద్ధతే లేదని గూడ రాసిండక్కా," అన్నాడు కాక. "మరి నేను ఇన్నేండ్లు గీ కట్ట మీద గాలికొచ్చిన్నా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాకే దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"ఒక్కటి చెప్పు బిడ్డా. గా చుక్కల దేశంల నీళ్లు తక్కువైతే ఏం జేస్తరు? పైనోడే మొత్తం వాడుకుంటడా?"

"లేదు కాకా. ఎవరికెంతో ముందే కట్టడి ఉంటది. కరువొస్తే అందరికీ కోత పెడతరు."

"మరి గది రాయలేదేంది?"

ఆ సంగతి నా దగ్గరున్న కాగితాల్లో ఉంది. స్పెయిన్‌లో ఒక ఊళ్లో రైతులే వారానికోసారి చర్చి వాకిట్లో కూర్చుని నీళ్ల తగాదాలు తీర్చుకుంటారని, హాలెండ్‌లో నీళ్లు చూసుకునేవాళ్లను ఓట్లేసి ఎన్నుకుంటారని కూడా ఉంది. గొట్టాలూ యంత్రాలూ పాఠకుడికి వింతగా ఉంటాయి, పంపకాలు చప్పగా ఉంటాయి అనుకుని ఆ పేరా మొత్తం నేనే కోసేశాను. ఆ మాటే ఒప్పుకుని, కోసేసిందంతా నోటితో చెప్పాను.

పటేల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే తెల్లదొరలు గూడ తైబందీ జేస్తరన్నట్టు."

"చేస్తరు మామా."

"జెయ్యకుంటే ఏమైతదో నేను చెప్త," అన్నాడు కాక నిమ్మళంగా. "నేను తూము ఎత్తను. గీ చలిల నీళ్లల్ల మునిగి కట్టె గుంజాలె. పటేలే మునుగుతడు."

"నన్ను ముంచుతవా ఈ వయసుల?" అంటూ పటేల్ నవ్వాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పని అయిపోయింది. ఇక ఎవరికి ఏ మడి అన్నదే మిగిలింది. అవ్వకు పటేల్ చూపించింది తూముకు ఎడమ పక్క మూల మడి.

"గది చౌడు అన్నా," అంది అవ్వ. "అండ్ల గడ్డి గూడ మొలవది. చెల్లెకిచ్చే మడేనా?"

పటేల్ గొణుక్కుంటూ పక్క మడి చూపించాడు.

మూడో రోజు నాట్లు. నేను ఆఫీసుకు సెలవు చెప్పి ఉండిపోయాను. పొద్దున్నే కాక చెరువులో మునిగి, వణుకుతూ లేచి, గొంగడి కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు కాలువ పట్టి మడిలోకి వచ్చాయి. అవ్వ నారు కట్టలు మడిలోకి విసిరి, కూలోళ్లతో కలిసి తనూ వంగింది. పటేల్ ఇంట్లో ఉండలేక వచ్చి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"జర దగ్గర దగ్గర పెట్టు చెల్లె. నా మడి గది, ఆగం జెయ్యకు."

అవ్వ నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది.

"యాసంగి కోసేదాక నాది. గట్టు దిగకు అన్నా, నారు తొక్కుతవు."